వరండాలో చెప్పిన రెండో భాగం

పోయిన ఆదివారం పొద్దున్నే వాకిట్లో కూర్చొని పెసరపప్పులో మట్టిబెడ్డలు ఏరుతున్నాను. మా పెద్దమ్మాయి కూతురు, ఇక్కడే బాన్సువాడలో డిగ్రీ చదువుకుంటున్న పిల్ల, ఫోను చెవికి ఆనించుకొని స్నేహితురాలితో చాలాసేపు వాదులాడింది. ఏదో దయ్యం సినిమాకు రెండో భాగం వచ్చిందట, మొదటిదానంత భయంగా ఉంటుందా ఉండదా అన్నది వాళ్ల తగువు. ఎటూ తేలక ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది.

“అమ్మమ్మా, నువ్వు అప్పట్ల అన్ని సినిమాలు ఫస్ట్ రోజే చూస్తుంటివంట గద. ఎప్పుడన్న సెకండ్ పార్ట్ ఫస్ట్ పార్టును మించిందా?”

“ఒక్కసారి మించింది” అన్నాను. ఏ సినిమా అని అడిగేలోపే పప్పు తీసుకొని లోపలికి వెళ్లిపోయాను. ఆ పిల్లకు చెప్పలేకపోయినది మీకు చెబుతాను. నేల టికెట్టు మీద కూర్చొని మెడలు నొప్పి పుట్టేలా తెర వైపు చూసిన నా వయసువాళ్లకు ఇందులో సగం చెప్పకుండానే తెలుస్తుంది. మిగిలిన సగం నేను చెప్పుకోవలసిందే.

తొంభైలలో మా ఆయన మా ఊరి టాకీసులో గేటు దగ్గర టికెట్లు చింపే పని చేసేవారు. ఆ పని వల్ల నాకు దక్కిన భాగ్యం ఏమిటంటే, ఏ సినిమా వచ్చినా శుక్రవారం మ్యాట్నీకి వెనక గోడ పక్కన ఒక కుర్చీ నాది. హైదరాబాదులో ఆడి, నిజామాబాదులో ఆడి, బోధన్ కూడా దాటి, గీతలు పడి, తెగి అతుకులు వేయించుకొని ఆ రీళ్లు మా దగ్గరికి వచ్చేసరికి పట్నంలో జనం ఆ సినిమాను మరిచిపోయి కూడా ఉంటారు, అయినా మాకు అదే కొత్త సినిమా, ఆ శుక్రవారమే దానికి పుట్టినరోజు.

మా వాడకట్టులో ఆడవాళ్లందరమూ బీడీలు చుట్టేవాళ్లం. వంటలు అయ్యాక నానబెట్టిన తునికాకు తడిగుడ్డలో చుట్టుకొని, తంబాకు పోసిన చాట, కత్తెర, దారపు ఉండ పట్టుకొని అవ్వ వాళ్ల వరండాలో చేరేవాళ్లం. అవ్వ అంటే ఆ ఇంటి పెద్దావిడ. చుట్టరికం ఉన్నా లేకున్నా అందరికీ అవ్వే. ఆమె, ఆమె కోడలు, మేము ఎనిమిది పదిమందిమి గోడకు ఆనుకొని వరసగా కూర్చునేవాళ్లం. వాళ్లలో ఎవరికీ మూడు గంటలు టాకీసులో కూర్చునే తీరిక లేదు. అందుకని శనివారం మధ్యాహ్నం నుంచి సినిమా నేను చెప్పేదాన్ని. ఊరికే కథ చెప్పడం కాదు, తలుపు కిర్రుమన్న చోట కిర్రుమనిపించేదాన్ని, వాన పడ్డ చోట వేళ్లతో చాట మీద వాన కురిపించేదాన్ని, ఏడుపు దగ్గర నిజంగానే నాకు ఏడుపొచ్చేది. నేను ఒక్క పూట జ్వరమొచ్చి రాకపోతే ఇంటికి మనిషి వచ్చేది, జ్వరం సంగతి అడగడానికి కాదు, కథ ఎక్కడ ఆగిందో గుర్తు చేయడానికి. చదువు అయిదో తరగతితో ఆగిపోయిన నా మాటను ఈ లోకంలో ఎవరైనా నోరు తెరుచుకొని విన్నారంటే అది ఆ వరండాలోనే. ఆ రుచి మరిగినదాన్ని.

అప్పుడు వచ్చింది ఆ దయ్యం సినిమా. ఒక పోస్టుమాను రోజూ ఒక మూసిన ఇంటికి ఉత్తరాలు తెస్తుంటాడు. ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న ఇల్లు, అయినా తలుపు సందులో ఉత్తరం పెడితే లోపలినుంచి ఎవరో మెల్లగా లాక్కుంటారు. సినిమా మొత్తంలో ఆ లోపలి మనిషి ముఖం చూపించలేదు. చివర్లో ఒక గాజుల చేయి బయటికి వచ్చి, ఉత్తరాన్ని కాక పోస్టుమాను మణికట్టును పట్టుకుంటుంది, అంతే, లైట్లు వేసేశారు. నేను దాన్ని నాలుగు మధ్యాహ్నాలు చెప్పాను. ఆ నాలుగు రోజులూ భయంతో అందరూ బీడీలు ఎంత బిగించి చుట్టారంటే, కార్ఖానాలో చూసి తీసుకునే మనిషి పొగ రాదని సగం విరిచి పక్కన పడేశాడు. మమ్మల్ని తిట్టాడు కూడా. ఆ తిట్టు నాకు పెట్టిన దండలాగా అనిపించింది.

ఆ తర్వాతి ఏడాది మా వరండాకు ఒక కొత్త మనిషి వచ్చింది. మహారాష్ట్ర సరిహద్దులో డోంగ్లి వైపు పల్లె ఆమెది. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు. రెండూ కలిపి మెత్తగా మాట్లాడేది. భర్త పోయాడు, అత్తవారింట్లో చోటు లేదు, అవ్వ ఇంటి వెనక చిన్న గది కిరాయికి తీసుకొని మాతోపాటే బీడీలు చుట్టేది. నన్ను అక్కా అనేది, నేను చెల్లె అని పిలిచేదాన్ని. పనిమంతురాలు, ఎవరి జోలికీ పోదు. అన్నం తినేముందు ఒక ముద్ద తీసి చిన్న ఆకులో పక్కకు పెట్టి, ఏదో సన్నగా పాడుకునేది. కాకికి పెడుతుందేమో అనుకొని ఎవరూ పట్టించుకోలేదు.

ఒకరోజు ఇద్దరమే కార్ఖానాకు బీడీలు ఇచ్చి వస్తూ ఎండకు తాళలేక బస్టాండులో కూర్చున్నాం. ఆమె కొంగున కట్టుకున్న రొట్టె విప్పి, ఒక తునక పక్కన పెట్టి, ఆ పాట పాడింది. ఏమిటని అడిగాను. రెండోసారి అడిగాక చెప్పింది. ఆమెకు మూడేళ్ల కూతురు ఉండేదట. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే దవాఖానలో ఏమీ తినిపించవద్దన్నారట. పిల్ల రెండు రోజులు అన్నం అన్నం అని అడిగిందట, ఈమె పెట్టలేదట. మూడో రోజు అడగడానికి పిల్ల లేదు.

“ఆకలితోనే పోయింది అక్కా” అంది. “అందుకే మొదటి ముద్ద దానికి పెడ్త. పాట పాడితెనే తింటుండె. ఎవరికి చెప్పకు, పిచ్చిదంటరు.”

చెప్పనని నా పెద్ద కూతురి మీద ఒట్టు పెట్టుకున్నాను. పెట్టుకున్నప్పుడు ఆ ఒట్టు నిజమైనదే.

మరి కొన్నాళ్లకు ఆ దయ్యం సినిమాకు రెండో భాగం వస్తోందని టాకీసు గోడకు పోస్టరు పడింది. మా వరండాలో వారం ముందునుంచే అదే ముచ్చట. మొదటిదాని లెక్క ఉంటుందని కొందరు, ఉండదని కొందరు. అవ్వ మాత్రం తేల్చి చెప్పింది.

“పిండిన చింతపండునే మల్ల పిండితె పులుసైతదా? ఏం ఉండది పో.”

శుక్రవారం వెళ్లి చూశాను. అవ్వ మాటే నిజం. మొదటి సినిమాలో దాచిన ముఖాన్ని ఇందులో పది నిమిషాలకే చూపించేశారు. సున్నం పూసుకున్న ముఖం, ఎర్ర లైటు, గాలికి ఎగిరే సవరం. ముందు వరసలో జనం ఈలలు వేశారు, పిల్లలు కూడా నవ్వారు. ఇంటికి నడిచి వస్తూ లెక్క వేసుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెబితే రేపు వరండాలో ఆవలింతలే. ఇన్నాళ్లూ సినిమాలు బాగున్నాయి కాబట్టి విన్నారా, నేను చెప్పాను కాబట్టి విన్నారా అన్న ప్రశ్న నాకు అంతవరకు రాలేదు. ఆ సాయంత్రం వచ్చింది.

శనివారం చాట ఒళ్లో పెట్టుకోకముందే అవ్వ కోడలు అడిగింది, ఎట్లున్నది వదినె, దాని లెక్కనే ఉన్నదా అని.

“దానికన్న ఎక్కువున్నది” అన్నాను.

మొదటి రోజు ఎలాగో నెట్టుకొచ్చాను. రెండో రోజు పోస్టుమానును ఆ ఇంటి తలుపు సందు దగ్గర నిలబెట్టాక, లోపల ఏం కనబడిందో చెప్పాల్సి వచ్చింది. సున్నం ముఖం చెప్పలేను. అందరి చేతులూ నెమ్మదించాయి, నా నోటికేసి చూస్తున్నారు. అప్పుడు నా నోటివెంట అది వచ్చింది. వచ్చింది అంటున్నాను గానీ, నేనే తెచ్చాను. లోపల ఒక ఆడమనిషి కంచం ముందు కూర్చొని ఉందన్నాను. తినేముందు ఒక ముద్ద తీసి ఆకులో పక్కన పెట్టిందన్నాను. పెట్టి, సన్నగా, మనకు తెలియని భాషలో జోలపాట పాడిందన్నాను. పోస్టుమాను కళ్లు నులుముకొని మళ్లీ చూసేసరికి ఆకు ఖాళీగా ఉందనీ, ఆ ఇంట్లో ఆమె తప్ప ఎవరూ లేరనీ చెప్పాను. ఆ పాట ఎలా ఉంటుందో పాడి కూడా వినిపించాను.

ఎవరి చేతిలోంచో కత్తెర జారి బండ మీద పడితే అందరూ ఉలిక్కిపడ్డారు. అవ్వ కోడలు పక్కన ఆడుకుంటున్న కొడుకును ఒళ్లోకి లాక్కుంది. మొదటి భాగానికి కూడా అంత నిశ్శబ్దం నేను చూడలేదు. నా ఒళ్లు పులకరించిందని చెప్పుకోవడానికి ఈనాడు సిగ్గుపడుతున్నాను, కానీ పులకరించింది. ఆ పులకరింతలోనే చెల్లె వైపు చూశాను. ఆమె ఆకు కత్తిరిస్తూ ఆగిపోయి ఉంది. ఒక్కసారి తలెత్తి నన్ను చూసింది. కోపమైతే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. అది కోపం కాదు. నేను వేరే ఎవరినో పిలిస్తే, ఆ పిలిచింది తననేనా అని అడుగుతున్నట్టు చూసింది. మళ్లీ తలవంచుకొని ఆకు కత్తిరించుకుంది. నేను ఆపలేదు. ఇంకా రెండు రోజులు ఆ ముద్దతోనూ ఆ పాటతోనూ కథ నడిపాను.

మరునాటి నుంచి చెల్లె మాతో కూర్చొని తినడం మానేసింది. అయినా ఆమె ముద్ద పక్కన పెట్టి పాడుకోవడం అందరికీ గుర్తుండనే ఉంది. మొదట గుసగుసలు. ఆమె గది ముందునుంచి పిల్లల్ని పోనివ్వడం మానేశారు. కథ అయిపోయిన వారానికి అవ్వ మనవడికి జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోతూ, వణుకుతూ, ఆ పసివాడు ఏదేదో పలవరించాడు. అవ్వ కోడలు ఏడుస్తూ వరండాలోకి వచ్చి అందరి ముందు నన్నే అడిగింది.

“వదినె, నువ్వే చెప్పినవ్ గద, గామె గట్ల ముద్ద పెట్టి పాడితె లేనిది వచ్చి తింటదని. మా ఇంటి వెనుక గూడ గట్లనే అయితుంది. నిజం చెప్పు, సినిమాల గట్లనే ఉన్నదా, నువ్వు కలిపి చెప్పినవా?”

ఇంత స్పష్టంగా ఎవరికైనా అవకాశం వస్తుందా. ఒక్క మాట. కలిపి చెప్పిన అంటే చాలు. అవ్వ, మిగతా ఆడవాళ్లు అందరూ చూస్తున్నారు. చెల్లె తన గది గుమ్మం పట్టుకొని నిలబడి ఉంది, ఆమెకూ వినబడుతోంది.

“సినిమాల ఉన్నదే చెప్పిన” అన్నాను.

సినిమా అప్పటికే వారం కూడా ఆడకుండా వెళ్లిపోయింది, వెళ్లి చూసేవాళ్లు లేరు. అవ్వ చెడ్డ మనిషి కాదు. చెల్లెను పిలిచి, నాకేం లేదు బిడ్డా, కోడలు భయపడ్తుంది, ఇంకోతాన చూసుకో అని నెమ్మదిగానే చెప్పింది. మరునాడు మధ్యాహ్నం బస్సుకు ఆమె రేకు పెట్టె ఒకటి మోసుకొని మా ఇంటి ముందునుంచే వెళ్లింది. నేను తలుపు వెనక కూర్చొని ఉన్నాను. బీడీల చాట కూడా ఒళ్లో లేదు, ఊరికే కూర్చున్నాను. ఆమె అడుగులు మా గడప దగ్గర నెమ్మదించాయి. పిలవలేదు. వెళ్లిపోయింది.

పిల్లవాడిది మలేరియా అని దవాఖానలో చెప్పారు, మాత్రలు ఇచ్చారు, వారానికి లేచి తిరిగాడు. కానీ మాత్రల మాట ఎవరికీ గుర్తులేదు. ఆమె పోయినంకనే నయమైంది అన్నారు అందరూ. రెండో భాగం మొదటిదాన్ని మించిపోయిందని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. నేను ఆ తర్వాత దయ్యాల సినిమాలు చెప్పలేదు. అడిగితే గొంతు బాగాలేదనేదాన్ని. మెల్లగా ఇంటింటికీ కేబులు టీవీ వచ్చి, నన్ను అడగడమే మానేశారు.

ఆ టీవీయే చివరికి నన్ను పట్టించింది. రెండు వేల సంవత్సరం దాటాక ఒక మధ్యాహ్నం అవ్వ కోడలు కేకేసి పిలిచింది, ఆ రెండో భాగం టీవీలో వస్తోందని. వరండాలో బీడీలు చుట్టిన మేము ఆరుగురం వాళ్ల ఇంట్లో కూర్చున్నాం. అవ్వ అప్పటికే మంచం పట్టి, ఆ గదిలోనే ఉంది. సున్నం ముఖం చూసి అందరూ పడీపడీ నవ్వారు. ముద్ద పెట్టేది ఎప్పుడొస్తది వదినె అని మధ్యమధ్య నన్ను అడుగుతూనే ఉన్నారు. సినిమా అయిపోయింది. అది రాలేదు.

“గది సినిమాల లేదు” అన్నాను. “నేనే కలిపిన.”

అవ్వ కోడలు నా భుజం మీద కొట్టి, ఎంత దొంగవు వదినె అని నవ్వింది. అందరూ నవ్వారు. మరి గా పిల్లను పంపిస్తిమి గద అని నేను అంటే, ఎవరిని అంటున్నానో గుర్తు తెచ్చుకోవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. గా మరాఠీ ఆమెనా, గప్పటి ముచ్చట ఇప్పుడెందుకు అని చాయ్ పెట్టడానికి లేచింది. నేను పదేళ్లు మోసినదాన్ని వాళ్లు అరనిమిషంలో దింపేశారు. మంచం మీదనుంచి అవ్వ ఒక్కతే మాట్లాడింది.

“నాకు జెర అప్పుడే చెప్తె అయిపోతుండె గద బిడ్డా” అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ మాట తర్వాత ఇంట్లో ఉండలేకపోయాను. డోంగ్లి బస్సులో వచ్చే పోయేవాళ్లను అడిగితే, ఆమె అన్న ఇంట్లో ఉంటోందనీ, బిచ్కుందలో వారం వారం జరిగే అంగడికి కూరగాయలు తెస్తుందనీ తెలిసింది. అంగడి రోజు చూసుకొని వెళ్లాను. గోనెసంచి పరుచుకొని పచ్చిమిరపకాయలు, వంకాయలు కుప్పలు పెట్టుకొని కూర్చొని ఉంది. జుట్టు ముందువైపు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టి, పక్కన సంచి దులిపి కూర్చోబెట్టింది, మా పిల్లల సంగతులు అడిగింది. బేరాలు జరుగుతుండగానే, మధ్యమధ్య ఆగుతూ, నేను చెప్పవలసింది చెప్పాను. సినిమాలో అది లేదని, నేనే నీ మాట తీసి అందులో పెట్టానని.

ఆమె తక్కెడ కింద పెట్టింది.

“నాకెరుకనే అక్కా. నువ్వు చెప్పిన మూడో దినం మ్యాట్నీకి పోయి చూసిన.”

బీడీలు చుట్టిన మా అందరిలో ఆ సినిమా అప్పట్లో చూసింది నేను కాక ఆమె ఒక్కతే. ఆమె టికెట్టు చింపింది మా ఆయనే అయి ఉండాలి. ఎందుకు పోయినవ్ అని అడిగాను.

“నా ముచ్చట సినిమాల ఎట్ల వచ్చిందో అనుకున్న. నా బిడ్డను కూడ చూపిస్తరేమో అని పోయిన.” మిరపకాయల కుప్ప సర్దుతూ అంది, “ఏం లేకుండె. నువ్వు చెప్పిందే మంచిగుండె.”

మరి ఆ రోజు అందరి ముందు నన్ను ఎందుకు నిలదీయలేదని అడిగాను. నువ్వు చెప్తే నమ్ముతరు, నేను చెప్తే ఎవరు నమ్ముతరు అక్కా అంది, అందులో నిష్ఠూరం కూడా లేదు. ఇంతలో ఎవరో వంకాయలు అడిగితే తూచి ఇచ్చింది. నేను ఇప్పటికీ బిడ్డకు ముద్ద పెడుతున్నవా అని అడిగాను. ఆ ప్రశ్న అడగకుండా ఉండవలసింది.

“లేదక్కా. గప్పుడే బంద్ చేసిన. నువ్వు చెప్పినంక ఒక దినం ముద్ద పెట్టి పాట ఎత్తుకున్న. ఎత్తుకోంగనే ఒళ్లు జల్లుమన్నది. నా బిడ్డంటె నాకే భయమైంది.”

నేను చేతులు పట్టుకొని తప్పయిపోయింది చెల్లె అన్నాను. పోనీ అక్కా అనలేదు, పో అని కూడా అనలేదు. బస్సు టైమైతుంది నీకు అంది, రెండు గుప్పిళ్ల మిరపకాయలు నా సంచిలో పోసింది. తీసుకోవద్దని తెలిసినా తీసుకున్నాను. తర్వాత రెండుసార్లు అంగడికి వెళ్లినప్పుడు ఆమె కనబడింది, మంచీ చెడూ మాట్లాడింది, ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. మూడోసారి వెళ్లడానికి నాకే కాళ్లు రాలేదు.

ఇప్పుడు ఆ వరండా లేదు, ఆ చోట మెట్ల కింద సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. మా మనవరాలు సినిమాకు వెళ్లి వచ్చి, ఏం బాలేదు అమ్మమ్మా, వేస్ట్ అని గదిలోకి వెళ్లి పడుకుంది. అంతటితో అయిపోయింది, ఆ పిల్లకూ ఆ సినిమాకూ. ఎక్కడో తీస్తారు, ఎవరికో చూపిస్తారు, బాగుంటే చప్పట్లు, లేకపోతే తిట్లు. తీసినవాడికి చూసేవాళ్ల ఇల్లు తెలియదు, కష్టం తెలియదు. అది చూసి నా వయసువాళ్లు పాతకాలమే మేలు అంటూ ఉంటారు, నలుగురం కలిసి కూర్చొని, ఒకరు చెబితే పదిమంది విన్న రోజులను తలచుకొని నిట్టూరుస్తారు. నేనూ నిట్టూరుస్తాను. ఆ మధ్యాహ్నాలు మళ్లీ రావాలని నాకూ ఉంటుంది. కానీ ఆ నిట్టూర్పు సగంలోనే తెగిపోతుంది. ఆ రోజుల్లో చెప్పేవాళ్లకు వినేవాళ్లు ఎవరో తెలుసు, వాళ్ల గుండెలో ఏముందో తెలుసు. నాకు తెలుసు. తెలిసే చెప్పాను.